నీళ్ళ ట్యూబులో గీత

గీత పడింది.

తెర మీద అక్క నమూనా ఎదురుగా సన్నటి తెల్లగీత. ల్యాబులో పనిచేసే చెల్లెలు కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. గీత అక్కడే ఉంది, కదిలితే ఒట్టు.

గీత పడిందంటే తప్పు ఉన్నట్టే. కణాల్లో రోజూ దొర్లే తప్పుల్ని సరిదిద్దే జన్యువొకటి ఉంటుంది. వీళ్ళ అమ్మకి ఆ జన్యువులోనే ఒక అక్షరం తారుమారైంది. వైద్యుడే మంచం పట్టినట్టన్నమాట. యాభై దాటకుండానే ఆవిణ్ణి క్యాన్సర్ తీసుకుపోయింది. ఆ తారుమారు ఇంకే కుటుంబంలోనూ కనబడలేదు. దాన్ని పట్టే కిట్టు కూడా వీళ్ళ కోసమే కొత్తగా చేయించారు. పొద్దున్నే దాని మూత విప్పింది చెల్లెలే.

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను?" పెద్దమేడం గుమ్మంలోనే నిలదీసింది. "సొంతవాళ్ళది ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"మీరొచ్చేదాకా ఆగలేకపోయాను మేడం. అక్క పొద్దున్నుంచి ఆరుసార్లు ఫోన్ చేసింది." చెల్లెలు ఏడుస్తూ ముక్కు తుడుచుకుంది. "ఉంది మేడం. అక్కకీ ఉంది. ఇద్దరు పిల్లలు దానికి..."

పెద్దమేడం కళ్ళజోడు సర్దుకుని తెర మీదికి వంగింది.

"ఏడుపు ఆపి ఇటు చూడు. ఈ చివరి ట్యూబులో ఏం పోశావు?"

"నీళ్ళు. ఉత్త నీళ్ళు."

"మరి నీళ్ళకి కూడా క్యాన్సరొస్తుందా?"

చివరి ట్యూబు ఎదురుగా కూడా గీత! ప్రతి పరీక్షలోనూ ఎవరి నమూనా కలపకుండా ఒక ట్యూబు ఉంచుతారు. అందులో గీత పడిందంటే ఏదో బయటిది పడ్డట్టే. ఇక ఆ పరీక్ష మొత్తం చెత్తబుట్టలోకే.

"అంటే అక్కకి..."

"ఉందో లేదో ఇంకా తెలీదు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ఏడుస్తూ, ముక్కు చీదుతూ చేస్తే ఇలాగే అఘోరిస్తుంది. లే, అవతల కూర్చో."

పెద్దమేడం పాతవన్నీ పారేసి, కొత్త సీసాలు తీసి మళ్ళీ మొదలుపెట్టింది. అక్క నమూనా, అమ్మ బతికున్నప్పుడు దాచిన నమూనా, నీళ్ళు. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ చెల్లెలు కాలుగాలిన పిల్లిలా వరండా పొడవునా తిరిగింది. మోగుతున్న ఫోన్ తీయడానికి ధైర్యం చాల్లేదు.

చివరికి పెద్దమేడం కేకేసింది. అమ్మకి గీత పడింది. నీళ్ళకి లేదు. అక్కకీ లేదు!

చెల్లెలు ఫోన్ నొక్కింది.

"అక్కా, నీకేం లేదక్కా! బంగారంలా ఉన్నావు!"

అవతల ఏడుపో నవ్వో తెలియని చప్పుడు. "మరి పిల్లలకి?"

"నీకే లేనిది వాళ్ళకెక్కణ్ణుంచి వస్తుంది? పొద్దున్నుంచి పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టి ఉండవు. ముందు తిను."

"మరి నీదెప్పుడు చూపించుకుంటావే?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. చూద్దాంలే."

ఫోన్ పెట్టేసి ముఖం తుడుచుకుంటూ లోపలికొచ్చింది. గుండెల మీది బరువు దిగి నవ్వొస్తోంది. పెద్దమేడం మాత్రం నవ్వడం లేదు.

"పొద్దున మీ అమ్మ నమూనా ఎక్కడ పెట్టి తెరిచావు?"

"తెరవలేదు మేడం. దాని మీద అమ్మ పేరు చూస్తే చెయ్యి రాలేదు."

"అవును. సీలు ఇప్పుడు నేనే విప్పాను."

"మరైతే పొద్దున నీళ్ళల్లో పడింది..." చెల్లెలి చెయ్యి గడ్డం కింది మాస్కు మీదికి వెళ్ళింది.

ఈసారి పెద్దమేడం తిట్టలేదు. కొత్త ప్యాకెట్టు చింపి, దూది చుట్టిన పుల్ల బయటికి తీసి, దగ్గరికొచ్చింది.

"నోరు తెరువు, తల్లీ."