మాస్‌బెక్ చెరువు దారి

"తాళం తీస్తావా, గేటెక్కి దూకమంటావా?" అంటూ ఈనిడ్ టైసన్ చేతికర్రతో ఇనప గొలుసును ఠంగుమని కొట్టింది.

గేటు అవతల క్రిస్పిన్ వేల్ మట్టంటని బూట్లతో నిలబడి ఉన్నాడు. పాత యజమాని కర్నల్ గారు పోయాక బంగళాతోపాటు చెరువునీ కొనుక్కుని లండన్ నుంచి దిగినవాడు. ఊళ్లోకి వచ్చి అతను చేసిన మొదటి పని ఈ గేటుకు తాళం వెయ్యడం. చెరువు గట్టున సెలవులకొచ్చే డబ్బున్నవాళ్ల కోసం చెక్క ఇళ్లు కడతాడట. నీళ్లలో మునిగి లేచే ఊరి ముసలివాళ్లు వాళ్ల కంటికి ఇంపుగా ఉండరట.

"ఈ వయసులో దూకుళ్లెందుకు మేడమ్? ఇంట్లో కూచుని హాయిగా టీ తాగండి."

"తాగే వచ్చాను. రెండు కప్పులు."

ఆమె వెనకాల గొడుగుల కింద సగం ఊరుంది. కొందరైతే తువ్వాళ్లు కూడా చంకన పెట్టుకొచ్చారు, తీర్పు వినగానే చెరువులో పడదామని. జనం ఇరవై ఏళ్లు హక్కుగా నడిచిన దారి ఎవడి నేలలో ఉన్నా జనానిదే అవుతుందని చట్టం. అది రాసిన రోజున డబ్బున్నవాళ్లంతా కునుకు తీస్తూ ఉండి ఉంటారు. ఈ దారి ఊరిదో వేల్‌దో తేల్చడానికి ప్రభుత్వం పంపిన అధికారి లాథమ్ అప్పుడే కారు దిగి, బురదలో చూసి చూసి అడుగులేస్తూ వచ్చాడు.

"తాళం తియ్యండి వేల్ గారూ. నేను నడిచి చూడాలి."

వేల్ తీశాడు. తీస్తున్నంతసేపూ గొలుసు వంకే చూశాడు.

బంగళా పక్కగా దారి కిందికి దిగుతుంది. వానకి రాళ్లు పాచిపట్టి జారుతున్నాయి. ఈనిడ్ మోకాలు ఒకటి ఎప్పుడో మొరాయించింది. అయినా అందరికంటే ముందు ఆమే నడిచింది.

"చెయ్యి అందించనా ఈనిడ్?" అన్నాడు పక్కింటి విల్ఫ్.

"నీ చెయ్యి నువ్వు పట్టుకో. పడితే నిన్ను లేపడం నా వల్ల కాదు."

చెరువు కనబడగానే ఆమె కర్ర ఎత్తి చూపించింది. "ఇదీ అయ్యా. నేను ఈత నేర్చుకున్నది ఇక్కడే. నా పిల్లలకి నేర్పిందీ ఇక్కడే. నా మనవరాలికి ఈ వేసవిలో నేర్పాలి. నేర్పుతాను."

లాథమ్ వంగి, పాదాలకి అరిగిపోయిన రాళ్లను తడిమి చూశాడు.

"అవి ఆవులు తొక్కిన రాళ్లు," అన్నాడు వేల్.

ఈనిడ్ ఒడ్డున ఉన్న చెట్టు కొమ్మకి కొట్టిన తుప్పు కొక్కేలు చూపించింది. "అవునవును. ఈత కొట్టి తువ్వాళ్లు తగిలించుకునే ఆవులు."

గొడుగుల కింద నవ్వులు లేచాయి. లాథమ్ కూడా దగ్గి నవ్వు దాచుకున్నాడు.

"ఎప్పుడైనా తాళం పగలగొట్టి వచ్చారా?"

"ఇతగాడు వచ్చేదాకా ఇక్కడ తాళమే లేదు."

"చాటుగా వచ్చేవారా?"

"పట్టపగలే. పాటలు పాడుకుంటూ. విల్ఫ్ పాట పది మైళ్ల దాకా చాటుగా ఉండదు."

లాథమ్ తలూపి రాసుకున్నాడు. ఆ తలూపడంలో మెత్తదనం అందరికీ కనబడింది. వేల్‌కీ కనబడింది. అతని మెడ ఎర్రబడింది.

"పాపం ఆ కర్నల్, ఒంటరి ముసలాయన," అన్నాడు గొంతు పెంచి. "ఒంట్లో బాగోక బంగళాలో పడుంటే, ఆయన కళ్లెదుటే ఆయన నేల తొక్కుకుంటూ పోయారన్నమాట. ఒక్కళ్లకీ మర్యాద లేదు. సంతలో పశువులు నయం."

దొంగ అన్నా ఈనిడ్ పట్టించుకునేది కాదేమో. మర్యాద లేదంటే మాత్రం ఆ ఊళ్లో ఎవరూ పడరు. కర్ర బురదలో గుచ్చి, వేల్ మీదికి రెండడుగులు వేసింది.

"మర్యాద సంగతి నువ్వు మాకు చెప్తావా? కర్నల్ గారి కిటికీ దగ్గర ఆగి 'వెళ్లొచ్చా కర్నల్ గారూ?' అని అడక్కుండా ఏనాడూ ఇటు అడుగెయ్యలేదు నేను. 'వెళ్లమ్మా' అనేవారాయన. అన్నాకే కదిలేదాన్ని. ఆయన భార్య పోయిన రోజున 'ఇవాళ వద్దు' అన్నారు. సరేనని ఊరంతా వెనక్కి తిరిగి పోయాం. ఆయన మళ్లీ రమ్మనేదాకా ఒక్కళ్లమూ రాలేదు. తెలుసా నీకు?"

"నేనూ అడిగేదాన్ని!" అంది వెనక నుంచి ఒకామె.

"మేమూ! పిల్లల చేత కూడా అడిగించేవాళ్లం!"

"నేనైతే టోపీ తీసి మరీ అడిగేవాణ్ణి," అన్నాడు విల్ఫ్.

గొడుగులు పక్కకు జరిగి ఒక్కొక్క చెయ్యీ పైకి లేచింది. చెయ్యెత్తని మనిషి లేడు. ఈనిడ్ గెలిచినదానిలా లాథమ్ వైపు తిరిగింది. "రాసుకోండయ్యా. ఒక్కరు కాదు, ఊరంతా సాక్ష్యం."

లాథమ్ రాయడం ఆపేశాడు. కళ్లజోడు తీసి వానచినుకులు తుడుచుకున్నాడు. అద్దాలు ఎప్పుడో శుభ్రపడ్డాయి, అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"మిసెస్ టైసన్," అన్నాడు చివరికి, ఆమె ముఖంలోకి చూడలేక. "ఎవర్నీ అడక్కుండా నడిచి ఉంటే ఈ దారి ఇవాళ్టి నుంచి మీది. అడిగి నడిచారు గనక, చట్టం ప్రకారం, ఎన్నేళ్లు నడిచినా అది అడిగించుకున్నవాడిదే."