తలుపు బయట ఇంజనీరు

"మళ్లీ మిమ్మల్ని మీరే బయటికి గెంటేసుకున్నారా గురువుగారూ?" ఫోన్‌లో మేనేజరు గొంతు చిటపటలాడింది.

"చిన్న పొరపాటండీ..." నసిగాడు ఇంజనీరు.

"పోయిన వారమూ చిన్న పొరపాటే, అంతకు ముందూ చిన్న పొరపాటే! నిన్నగాక మొన్న చేరినవాళ్లు కూడా ఇలా చెయ్యరు. పెద్దవారని ఊరుకుంటున్నా. ఇంకొక్కసారి ఇలా అయిందంటే ఫైర్‌వాల్ పని వేరేవాళ్లకి అప్పజెప్పేస్తా. మీరు ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకుందురు గాని. ముందు సర్వర్ గదిలో ఆవిడకి ఫోన్ చేసి తెరిపించుకోండి."

ఇంజనీరు ఫోన్ పెట్టేసి ఇల్లంతా ఓసారి చూశాడు. ఆ ఇంట్లో ఒక బల్ల, ఒక కంప్యూటరు, అతనూ. ఇక విశ్రాంతి ఒక్కటే తక్కువ!

మేనేజరు కోపంలో తప్పేం లేదు. ఫైర్‌వాల్ అంటే ఆఫీసు నెట్‌వర్క్ గుమ్మంలో కాపలా కాసే పెట్టె. ఎవరిని రానివ్వాలో, ఎవరిని వద్దనాలో లైన్లుగా రాసిస్తే పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది. చిట్టచివరి లైను ఎప్పుడూ ఒకటే: మిగతా ఎవ్వరినీ రానివ్వకు. ఇంటినుంచి పనిచేసేవాడు ఆ లైనుకి పైన తన కంప్యూటరు అడ్రసు అంకెల్లో రాసుకోవాలి. మరిచిపోయాడా, రాసిచ్చినవాడన్న మొహమాటం కూడా లేకుండా మొహం మీదే తలుపేస్తుంది. అప్పుడు సర్వర్ గదిలో ఉన్నవాళ్లు ఆ పెట్టె ముందు కూర్చుని, అతను చెప్పింది చెప్పినట్టు టైపు చేస్తేనే మళ్లీ లోపలికి దారి.

ఇంజనీరు మరిచిపోలేదు. కావాలనే రాయలేదు.

సిగ్గుపడాల్సిన సంగతే, పడ్డాడు కూడా. కానీ ఏం చేస్తాడు? నెలకోసారి చెల్లెలు ఫోన్ చేసి "తిన్నావా అన్నయ్యా?" అంటుంది. "తిన్నానమ్మా" అంటాడు. అక్కడికి సరి. అతనితో నాలుగు మాటలు మాట్లాడేది సర్వర్ గది ఆపరేటరు ఒక్కతే.

ఫోన్ చేశాడు.

"మూసుకుందా సార్?" ఫ్యాన్ల హోరు మీదుగా ఆవిడ గట్టిగా అడిగింది.

"మూసుకుంది మేడమ్."

"ఉండండి, కేబుల్ పెడుతున్నా. ఊఁ, చెప్పండి."

అతను ఒక్కో అంకే చెప్పాడు.

"కాస్త మెల్లిగా సార్, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇక్కడ చలి మిషన్ల కోసం కదా, మనుషుల గొడవ ఎవరికి కావాలి!"

"స్వెట్టర్ వేసుకోలేదా?"

"రెండు వేసుకున్నా, ఒకదాని మీద ఒకటి. చూసి నవ్వడానికైనా ఎవరొస్తారిక్కడికి?"

ఇద్దరూ నవ్వారు. లైను పూర్తయింది, తలుపు తెరుచుకుంది. ఇంకేదో అడగాలనుకున్నాడు. చివరికి "సరే మేడమ్, ఉంటానండీ" అన్నాడు. ఇదే ఆఖరుసారి అనుకుంటే ప్రాణం ఉసూరుమంది.

ఆ తర్వాత బుద్ధిగా పనిచేశాడు. ఏ మార్పు చేసినా తన అడ్రసు ఉందో లేదో చూసుకుని మరీ సేవ్ నొక్కాడు. ఒకసారి ఊరికే పలకరిద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు గాని, ఏమని చేస్తాడు? తలుపు తెరిచే ఉన్నవాడికి సర్వర్ గదితో పనేముంటుంది? మేనేజరు మాత్రం "అదీ గురువుగారూ, ఇప్పుడు దారికొచ్చారు!" అని తెగ మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు విన్న రోజు ఇంజనీరుకి అన్నం సయించలేదు.

ఒక మధ్యాహ్నం, ఏ మార్పూ చెయ్యకుండా లైన్లు ఊరికే చూసుకుంటూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి స్క్రీన్ బిగుసుకుపోయింది. మళ్లీ లోపలికి వెళ్లబోయాడు. కుదరలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. ఊహూఁ.

ఉన్న ఒక్క పనీ పోయినట్టే. సర్వర్ గదికి ఫోన్ చేశాడు.

మొదటి రింగు పూర్తికాకుండానే ఎత్తిందావిడ.

"మేడమ్, ఈసారి నేనేం చెయ్యలేదు! ఒట్టు! నా అడ్రసు లైను నిక్షేపంలా ఉంది, పొద్దున్నే చూసుకున్నా. మేనేజరుకి చెబితే నమ్మడు, పని పీకేస్తాడు..."

"కంగారు పడకండి సార్. మీ మీదికేం రాదు. పెట్టెలో ఈ మార్పు నా పేరు మీదే నమోదైంది."

"మీ పేరు మీదా? మీకు అదంతా ఎలా..."

"మీరు చెప్పగా చెప్పగా టైపు చేసీ చేసీ నాకూ వచ్చేసింది. ఆ లైను ఇందాక నేనే తీసేశాను," అందావిడ. "మీరు ఫోన్ చెయ్యడం మానేశారుగా మరి!"