టక్‌మన్న చప్పుడు

టక్‌మని చప్పుడైంది. వెంకటప్పయ్య తన రెండు చెవులతో విన్నాడు.

పొద్దున ఎనిమిదింటికే మబ్బు కమ్మింది. కల్లంలో ఎండుమిరపకాయలు తడుస్తాయని, అటక మీది పట్టా దించడానికి నిచ్చెన ఎక్కాడు. కింద భార్య రాఘవమ్మ పట్టుకొని నిలబడింది. పట్టా చేతికి రానే వచ్చింది, కాలు జారింది. పట్టాతో సహా దబ్బున పడ్డాడు. పడుతుండగానే ఆ చప్పుడు. అదృష్టం బాగుండి తల నేలకు తగల్లేదు.

"సచ్చిన. నా కుడి భుజం జారింది" అని అక్కడే కూలబడ్డాడు.

"నాకు..." అంటూ రాఘవమ్మ ఏదో చెప్పబోయింది.

"నిచ్చెన పట్టుకోమంటే మబ్బులు లెక్కబెడుతున్నవా? నీ సంగతి తర్వాత చెప్త. ముందు మంచం చూపియ్యి."

మిరపకాయల మీద పట్టా కూలీలు కప్పారు. వెంకటప్పయ్య మీద దుప్పటి రాఘవమ్మ కప్పింది.

ఖమ్మంలో ఫిజియోథెరపీ చదువుతున్న మేనల్లుడు సాయికిరణ్‌కు ఫోన్ చేశాడు.

"మామా, భుజం జారితే చెయ్యి పైకి లేవదు. ఇంకో చేత్తో పట్టుకొని పొట్టకు ఆనించుకుంటరు. గట్లనే ఉందా?"

మంచం కోడు మీద తాళం వేస్తున్న కుడిచేతిని వెంకటప్పయ్య వెంటనే పొట్టకు ఆనించుకున్నాడు.

"అచ్చం గట్లనే ఉందిరా అల్లుడూ."

"అయితే ఎవర్నీ గుంజనీయకు, తిప్పనీయకు. జల్దీ దవాఖానాకు పో. ఆలస్యమైతే నరం దెబ్బతింటది. ఆ చెయ్యి మళ్ల పనికి రాకపోవచ్చు. ఒకసారి జారింది సరిగ్గ కుదరకపోతే, బట్టలు ఆరేస్తున్నా మళ్ల జారుతది."

వెంకటప్పయ్య తన కుడిచేతి వంక చూసుకున్నాడు. అన్నం కలిపే చెయ్యి. సంతకం పెట్టే చెయ్యి. నలుగురిలో మీసం దువ్వే చెయ్యి. బట్టలు ఆరేసే సంగతి ఆయనకు తెలియదు గనక దాన్ని వదిలేశాడు.

"ఆటో పిలువు. జల్దీ పోదాం" అంది రాఘవమ్మ.

"వైరా నుంచి అక్క బయల్దేరిందంట. అక్క మొఖం చూడకుండ ఎట్ల పోత?"

వైరా నుంచి టేకులపల్లికి రావాలంటే బస్సులు మారాలి. నరం ఆగాలి గానీ, ఆడబిడ్డ ఆగుతుందా.

ఈలోగా చూడ్డానికి ఊరు కదిలింది. వచ్చినవాళ్లు ఊరికే కూర్చోలేదు, ఎవరికి తెలిసిన వైద్యం వాళ్లు చెప్పారు. ఒకరు కోడిగుడ్డు సొన పూయమన్నారు. ఒకరు ఉప్పు కాపడం పెట్టమన్నారు. పోయినేడు బోరు మోటారు విప్పి, బిగించడం రాక బస్తాలో మూటగట్టిన సమ్మయ్య, దుప్పటి మీది నుంచే భుజం తడిమి చూశాడు.

"గుంత తగులుతుంది. నేను గుంజితే ఒక్క గుంజుడుకు ఎక్కుతది."

సమ్మయ్య చెయ్యి మళ్లీ తగలకముందే వెంకటప్పయ్య కెవ్వుమన్నాడు. అంత నొప్పి ఉందంటే నిజంగానే జారిందని అందరూ ఒప్పుకున్నారు.

రాఘవమ్మ అందరికీ టీ తెచ్చింది. ఇంట్లో ఇంత వెడల్పు పళ్లెం ఉండగా, ఒక్కో గ్లాసు తెచ్చి ఇచ్చి, మళ్లీ లోపలికి పోయి ఇంకోటి తెచ్చింది. ఇంటిమీదికి ఆపద వస్తే ఆడవాళ్ల బుర్ర పనిచేయదు అనుకున్నాడు వెంకటప్పయ్య. పైగా ఆమె కళ్ల నిండా నీళ్లు.

"మొగునికి భుజం జారితే పెళ్లాం కండ్లల్ల నీళ్లు. ఈ కాలంల గిట్ల ఎవరున్నరే" అన్నాడు సమ్మయ్య. వెంకటప్పయ్య కొంచెం మెత్తబడ్డాడు. నిచ్చెన విషయం క్షమించేద్దామని కూడా అనుకున్నాడు.

పన్నెండు దాటాక అక్క కొండమ్మ దిగింది. వాకిట్లో ఏడ్చింది, మంచం దగ్గర ఏడ్చింది, ఏడ్చి దాహమేసి నీళ్లడిగింది. రాఘవమ్మ చెంబు అందించింది.

"ఎడమచేత్తోనా? ఇంటి ఆడబిడ్డకు నీళ్లిచ్చే పద్ధతి గిదేనా?"

"తప్పయింది వదినా. తాగు."

"తప్పయిందని ఆ చేత్తోనే ఇస్తవేంది?"

"అక్కా, అది పొద్దుటి నుంచి గాబరాగ ఉంది. నా మీద బెంగ" అన్నాడు వెంకటప్పయ్య గొప్పగా.

అంత దూరం నుంచి వచ్చిన మనిషి తినకుండా ఎట్లా కదులుతుంది? పప్పు, అన్నం వడ్డించారు. రోటి పచ్చడి లేదేమని కొండమ్మ అడిగింది. నూరలేదంది రాఘవమ్మ. తమ్ముడి పరిస్థితి చూసి, పోనీలే అని కొండమ్మ ఆ పూటకు పచ్చడి లేకుండానే మూడుసార్లు పెట్టించుకుంది. వెంకటప్పయ్యకు ఆమే ముద్దలు కలిపి తినిపించింది.

"ఇంక పోదామా?" అంది రాఘవమ్మ.

తండా నుంచి లాలు ఆటో తెచ్చాడు. వెనక సీటు మొత్తం వెంకటప్పయ్యది. ఆయన తల అక్క ఒళ్లో. రాఘవమ్మ లాలు పక్కన అంచు మీద కూర్చుంది. అడవి దారిలో ప్రతి గుంతకూ వెంకటప్పయ్య అరిచాడు. గుంత లేనిచోట కూడా రెండుసార్లు అరిచాడు.

"పైలంగ పో లాలు. నరం మీద ఉన్నది నా బతుకు."

"అవ్ పటేలా" అన్నాడు లాలు. ఎందుకో తల తిప్పి పక్కకు చూసి, బండి ఇంకా నెమ్మది చేశాడు.

దవాఖానా చేరేసరికి మూడున్నర. వెంకటప్పయ్య ఎవరూ చెప్పకుండానే పరీక్ష బల్ల ఎక్కి పడుకున్నాడు. ఏ డాక్టరు వచ్చినా గుంజనీయొద్దని అక్కకు గట్టిగా చెప్పి, కళ్లు మూసుకున్నాడు.

డాక్టరమ్మ లోపలికి వచ్చి, గది అంతా ఒక్కసారి కలయజూసి, ముందు వెంకటప్పయ్యను బల్ల దిగమని చెప్పి, ఎడమచేత్తో కుడిచేతిని పొట్టకు పట్టుకొని గోడకు ఆనుకొని నిలబడ్డ రాఘవమ్మతో "మీ భుజం జారి ఎన్ని గంటలైందమ్మా?" అంది.