ఆరో పుస్తకం

బైండరు షట్టరు సగం దించి, సాయంత్రం ఒక కొత్త మనిషి ఇచ్చిపోయిన ఐదు పుస్తకాలు ముందు వేసుకున్నాడు. "ఆరోది రాత్రికి తెస్తానండీ" అని చెప్పి వెళ్ళాడు ఆ మనిషి.

వంటలు, బీజగణితం, కవిత్వం, బావుల తవ్వకం, పశువైద్యం. ఒకదానికొకటి పొంతన లేదు. రాసినవాళ్ళ ఇంటిపేరు మాత్రం ఒకటే. అది బైండరు ఇంటిపేరే.

మనవాళ్ళలో ఇంతమంది పండితులా అని మురిసిపోయాడు. తనూ ఒకప్పుడు బైండింగు మీద చిన్న పుస్తకం రాశాడు. వంద కాపీలు అచ్చేస్తే తొంభై తొమ్మిది అటక మీదే ఉన్నాయి.

వెనక అట్టలు తిప్పాడు. ప్రతి రచయిత ఫోటోలోనూ గొంతు దగ్గర దబ్బనంతో పొడిచిన చిల్లు ఉంది. చిల్లు చుట్టూ కాగితాలు ఎండిన నెత్తురుతో అంటుకుపోయాయి.

అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, మనవాళ్ళలో వంటల పుస్తకం రాసిందెవరు?"

"పెదనాన్న కొడుకు. నువ్వు పెళ్ళికీ రావు, చావుకీ రావు, నీకేం తెలుస్తుంది! పోయిన నెల వాణ్ణి గొంతులో పొడిచి చంపేశారు. మొన్న లెక్కల బాబాయినీ అంతే. నెత్తురు గోడల నిండా చిమ్మిందట. ఒరేయ్, వింటున్నావా?"

వినడం లేదు. షట్టరు కిందనుంచి ఒక చెయ్యి వచ్చి, ఆరో పుస్తకాన్ని మెల్లగా అతని వైపు తోసింది.

తను రాసిందే. వెనక అట్ట మీద తను వయసులో ఉన్నప్పటి ఫోటో, నవ్వుతూ. గొంతు దగ్గర చిల్లు లేదు.

కళ్ళు తిప్పకుండానే దబ్బనం కోసం బల్ల తడిమాడు. దారం తగిలింది. జిగురు గిన్నె తగిలింది. సాయంత్రం ఆ మనిషి ఆనుకుని నిలబడిన మూల ఖాళీగా తగిలింది.

షట్టరు లేస్తోంది.