టైలరమ్మ కూతురి గ్లాసు

"మూసేసి ఉంటారే. ఆయన కూడా పోయే ఉంటాడు. అనవసరంగా నిన్ను లాక్కొచ్చాను."

"అమ్మా, ఇంకా సందు మలుపే తిరగలేదు. అప్పుడే మనిషిని చంపేయకు," అంది కూతురు.

మలుపు తిరిగారు. ఐస్‌క్రీం షాపు ఉంది. ముసలాయనా ఉన్నాడు, చెక్క పీపా ముందు స్టూలు వేసుకుని పిడి తిప్పుతూ. పీపాలో ఐసు ముక్కలు గరగరమంటున్నాయి. తల్లికి కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే ఇంకో దిగులు పట్టుకుంది. రుచి మారిపోయి ఉంటే?

ఈ ఐస్‌క్రీం గురించి కూతురికి ఉగ్గుపాలతో పాటే చెప్పింది. ఏ విందుకెళ్లినా, ఏ హోటల్లో తిన్నా "ఇదీ ఒక ఐస్‌క్రీమేనా" అని మూతి విరిచేది. పిల్ల నవ్వి ఊరుకునేది. ఈ మధ్య నవ్వడం మానేసి, "అలాంటిది ఎక్కడా ఉండదమ్మా, నువ్వు కల్పించుకున్నావు" అనడం మొదలుపెట్టింది. ఆ మాట గుచ్చుకునే ఇవాళ ఇద్దరూ బస్సెక్కారు.

రెండు కప్పులు వచ్చాయి. కూతురు చెంచాడు నోట్లో పెట్టుకుంది.

"బాగుందమ్మా. నిజంగానే బాగుంది."

తల్లి మొహం వాడిపోయింది. "ఇది కాదు."

"మొదలెట్టావా?"

"కాదే. ఇది పళ్లు జివ్వుమనిపిస్తోంది. అది పట్టులా జారేది. ఇంకా తియ్యగా ఉండేది." ముసలాయన వైపు తిరిగింది. "బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. పాలు మార్చారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పోనీ, చక్కెర తగ్గించారా?"

"లేదమ్మా. మా నాన్న పోసిన కొలతే పోస్తున్నాను."

ఆయనే లేచి, పీపా లోపలి డబ్బా అడుగు నుంచి ఇంకో కప్పు తీసిచ్చాడు. ఆశగా నోట్లో పెట్టుకుంది. అదీ కాదు.

"పోనీలే అమ్మా. చిన్నప్పటివన్నీ అలాగే అనిపిస్తాయి," అంది కూతురు, జాలిగా.

వెటకారమైతే ఓర్చుకునేదేమో, ఆ జాలిని మాత్రం తట్టుకోలేకపోయింది.

"అనిపించడం కాదు. ఆ ఎదురు మేడ కింద మా అమ్మ మిషను కుట్టేది. పని ఎక్కువున్న రోజు నన్ను ఈ బల్ల మీద కూర్చోబెట్టి వెళ్లేది. బాబాయిగారే స్వయంగా స్టీలు గ్లాసులో తెచ్చిచ్చేవారు. అందరికీ కప్పులు, నాకొక్కదానికే గ్లాసు. నేనంటే అంత ముద్దు."

పిడి తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.

"టైలరమ్మ కూతురివా?"

"అవును. అమ్మ ఇప్పుడు లేదు. మీరే చెప్పండి మా పిల్లకి, అప్పటి రుచి వేరా కాదా?"

ఆయన ఎదురు మేడ వైపు చూశాడు. ఎవరో వచ్చి కప్పు అడిగితే ఇచ్చాడు. తడిగుడ్డ తీసి బల్ల తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"నా మాటకి నొచ్చుకున్నాడేమోనే," తల్లి కూతురి చెవిలో గుసగుసలాడింది. "గుండెనొప్పి కాదు కదా? ఒకసారి చెయ్యి పట్టుకుని చూడు."

"ఊరుకో అమ్మా."

ముసలాయన గుడ్డ పక్కన పెట్టి, ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"నీకు చెప్పనని ఆ మహాతల్లికి మాటిచ్చాను. ‘అయ్యా, చల్లటిది తింటే పిల్లకి ఏమన్నా అవుతుంది, నాకు భయం. పాలపొయ్యి పక్కన పెట్టి, పూర్తిగా కరిగాకే ఇవ్వు’ అనేది. మా షాపులో నువ్వు ఐస్‌క్రీం తినడం ఇదే మొదలు, తల్లీ."