పోగూ పోపూ

“పోపు పోయిందిరో!”

వంటింట్లోంచి సారిక పెట్టిన కేక, ముందుగదిలో పవర్‌లూమ్ దగ్గరున్న రాజారాంకు “పోగు పోయిందిరో” అని వినపడింది. గబుక్కున మగ్గం ఆపి, తెగిన పోగు కోసం వెతికాడు. పోగు నిక్షేపంగా ఉంది. పోయింది పోపే.

మరాఠీ ఊళ్లో తెలుగు నేతగాళ్లుండే అశోక్ చౌక్ వెనక సందుల్లో మగ్గాల మోతకు మొగుడూ పెళ్లాలు ప్రేమగా మాట్లాడుకున్నా పోట్లాటలాగే ఉంటుంది. కనుక సారిక పిల్లలకు పెట్టిన వంట క్లాసు రాజారాం చెవిన పడక తప్పదు.

క్లాసు ఎందుకంటే, సిరిసిల్లలో సారిక చెల్లెలికి కాన్పు దగ్గరపడింది. తల్లి లేని పిల్ల. అక్క వెళ్లి తీరాలి.

“నువ్వు పోతే నా కడుపు సంగతేంది?” అన్నాడు రాజారాం.

“చెయ్యి లేదా? వండుకో.”

“మగ్గం వట్టిన చెయ్యి గంటె వట్టది. పిల్లలకు నేర్పు, వాళ్లే వండుతరు.”

“బడికి పొయ్యే పిల్లల నెత్తిన పొయ్యి పెట్టాల్నా?”

“అట్లయితే పోకు.”

సారిక ఒక్క క్షణం ఆలోచించి, “సరే, నేర్పుత,” అంది.

ఆ పూటే మొదలైంది. తల్లి “చారు!” అని అరిస్తే, మరాఠీ బడికి పోయే కొడుకు ప్రతీక్ దాన్ని మరాఠీలో ‘నాలుగు’ అని విని చార్ చెంచాల ఉప్పు కుమ్మరించాడు. కూతురు కోమల్ కాల్చిన జొన్నరొట్టెలో కోమలత్వం పిల్ల పేరులోనే మిగిలింది. నేత ఇంట్లో నేతికి కరువంటారు. ఈ ఇంట్లో నోటికే కరువొచ్చింది. రాజారాం తిన్నది తక్కువ, తిట్టింది ఎక్కువ.

ఆగలేక మగ్గం దగ్గర్నుంచే అందుకోసాగాడు.

“అరే, మంట తగ్గియ్‌రా! ఆవాలు చిటపటమన్నంకనే మిర్పకాయలెయ్యాలె!”

“చిటపట అంటున్నది ఆవాలా, నువ్వా?” అంది సారిక.

చివరికి శనగపిండితో పిఠ్లం వండే రోజు వచ్చింది.

“పప్పా, ఉండలు కట్టింది!” అని కోమల్ అరిచింది.

అంతే. చిన్నప్పుడు తండ్రి చేతిమగ్గం నూలుకు ఉండ లేకుండా గంజి కాచిన మనిషి రాజారాం. ఉండ అన్న మాట వింటే ఉండలేడు. మగ్గం ఆపేసి వంటింట్లోకి దూకాడు.

“సాలోళ్ల ఇంట్ల పుట్టి ఉండలు కట్టిస్తరా? ఇటియ్ ఆ గంటె! పిండి ముందుగాల సల్ల నీళ్లల్ల కలుపాలె. చెయ్యి ఆపొద్దు. జూడుండ్రి!”

పిఠ్లం పట్టులా వచ్చింది. తన వంట తానే రెండోసారి వడ్డించుకున్నాడు.

మర్నాడు చారు ఆయనే పెట్టాడు. ఆ మర్నాడు రొట్టె. పట్టనన్న చెయ్యి గంటె వదలనంది.

“నేర్పుడు నీకు రాదు, నేర్సుకునుడు వీళ్లకు రాదు,” అని తీర్పు చెప్పాడు. “బడికి పోనియ్ వాళ్లను. నువ్వు సిరిసిల్లకు పో. వంట నేన్జూసుకుంట!”

సారిక సంచి సర్దుకుంది. వంటింట్లో రాజారాం పోపు వేస్తున్నాడు. మగ్గం ఆగి ఉంది. చాన్నాళ్లకు ఆ ఇంట్లో గుసగుసకు చోటు దొరికింది.

కోమల్ తల్లి చెవి దగ్గరికి వంగింది.

“అమ్మా, మాకు పోయినేడే వంటొచ్చిందని పప్పాకు ఎప్పుడు చెప్దాం?”