ఎర్ర తలగుడ్డ

బొంతకి ఇంకా జానెడు గుడ్డ తక్కువైంది. పోలమ్మ లేచి, చిలక్కొయ్యకి వేలాడుతున్న కొడుకు ఎర్ర తలగుడ్డ తీసి కోడలు లోవ ఒళ్లో పడేసింది.

"ఇది చింపు."

లోవ చేతిలో సూది ఆగిపోయింది. దూరదేశం వెళ్లినవాడి గుడ్డ చింపి బొంతలో కలిపితే మనిషి తిరిగి రాడని, మూడేళ్లుగా దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వనిది ఈ అత్తే.

"వద్దత్తా. రంగూను నుంచి వచ్చి, నా తలగుడ్డేదని అడిగితే ఏం చెప్తాం?"

"అడగడే." పోలమ్మ గోడకేసి తిరిగింది. "రెండేళ్ల కిందటే పోయాడంట. ఉగాదప్పుడు కోరంగి రేవులో ఓడ దిగినోళ్లు చెప్పారు. నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

లోవ ఏడవలేదు. తాము కూర్చున్న పాత బొంత అంచు పైకి లాగి, పళ్లతో నాలుగు కుట్లు తెంపింది. లోపలి పొరలో పసుపు మరకల పంచె కనిపించింది. కొడుకు పెళ్లినాడు కట్టుకున్నది. పోలమ్మ చెయ్యి దానిమీదే ఉండిపోయింది.

"ఇదెప్పుడు కుట్టావే?"

"నాకు పోయినేడే తెలిసిందత్తా. నీకు చెప్పలేక, దీంట్లో పెట్టి కుట్టేశాను. అప్పట్నించీ మనిద్దరం దీనిమీదే పడుకుంటున్నాం."